వదిన పేరున ఊదిన ఊపిరి

"నీ ఊపిరి నాకంటే బాగుందమ్మా," అంది డాక్టరమ్మ, కార్డు మీంచి తల ఎత్తకుండానే.

వదిన స్టూలు మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, భుజాలు ఎగరేస్తూ గాలి పీల్చుకుంటోంది. ఊపిరి బాగున్న మనిషి అలా కూర్చోదని గోడ మీది బల్లినడిగినా చెబుతుంది. కానీ డాక్టరమ్మ చూస్తున్నది మనిషిని కాదు, రాతిపొడి మిల్లువాళ్లు ఇచ్చిన కార్డుని. ఆమెను తప్పుపట్టడానికీ లేదు. పొద్దున్నుంచి అరవైమందిని చూసింది. అరవైమందీ ఆ స్టూలు మీద అలాగే కూర్చున్నారు. ఎవరి ఆయాసం దేనివల్లో తేల్చాల్సింది కాగితాలే.

"నాలుగు వందల యాభై. తర్వాతి ఏడు నాలుగు వందల అరవై. మళ్లీ నాలుగు వందల యాభై." డాక్టరమ్మ వేలు కార్డు మీద ఒక్కో గడీ దిగుతోంది. "ఇంత పొట్టి మనిషివి, ఇంత గట్టిగా ఎలా ఊదావమ్మా?"

జవాబు చెప్పడానికి వదిన దగ్గర గాలి లేదు. వెనకాల నిలబడ్డ మరిది ఎక్స్‌రే కవరుని ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. ఆ మూడు అంకెలూ అతనివి.

డాక్టరమ్మ సొరుగులోంచి గొట్టం తీసింది. జానెడు ప్లాస్టిక్ గొట్టం, పైన అంకెల గీతలు, వాటి పక్కన ఎర్రటి ముల్లు. ఒక్క ఊపున ఊదితే ముల్లు జరుగుతుంది. ఎక్కడిదాకా వెళ్లిందో అక్కడే ఆగిపోతుంది. వదిన మూడుసార్లు ఊదింది. మూడోసారి అయ్యాక బల్ల అంచు పట్టుకుని చాలాసేపు దగ్గింది. ముల్లు నూట ముప్పై దాటలేదు.

"ఏడాదిన్నర కిందట నాలుగు వందల యాభై, ఇవాళ నూట ముప్పై. రాతిపొడి రోగం ఇలా ఉండదమ్మా. అది ఏటా కొంచెం కొంచెం కొరుక్కు తింటుంది. ఒక్కసారిగా ఇంత మింగదు. ఇది ఇంకేదో, టీబీయేమో. ఎక్స్‌రేలో మచ్చలు దానికైనా అలాగే ఉంటాయి. ఎదురు బిల్డింగులో కఫం పరీక్ష చేయించుకో. ఆర్నెల్ల మాత్రలు రాసిస్తారు."

"ఆ మాత్రలు పోయినేడు మింగిందండీ," అన్నాడు మరిది. "ఏం గుణం కనిపించలేదు."

"మళ్లీ మింగాలి."

"మరి ఆ మిషన్..."

గది మూలన తెల్లగుడ్డ కప్పుకుని ఆక్సిజన్ మిషన్ ఉంది. మంచం పక్కన పెట్టుకుని ముక్కుకి సన్నటి గొట్టం తగిలించుకుంటే అదే గాలి అందిస్తుందట. వాళ్ల వీధి చివరి ఇంటాయనకి ఒకటి ఇచ్చారు. మంచం దిగలేని మనిషి ఇప్పుడు తన బట్టలు తనే ఆరేసుకుంటున్నాడు. దానికోసమే వదిన మూడు నెలలుగా ఈ గదికి తిరుగుతోంది.

"రాతిపొడి రోగమని నేను రాస్తేనే అది ఇస్తారు. ఈ కార్డు ఎదురుగా పెట్టుకుని నేనెలా రాయను?" డాక్టరమ్మ కార్డు మడిచి వదిన ఒళ్లో పెట్టింది. విసుగు లేదు, జాలీ లేదు. గుమ్మంలోకి చూసి తర్వాతి మనిషిని పిలిచింది.

ఆస్పత్రి గేటు నుంచి బస్టాపుకి మామూలు మనిషికి ఐదు నిమిషాలు. వదినకి అరగంట. ఆమె ఆగే పద్ధతి చూసి తీరాలి. ఆయాసం వచ్చిందని ఛస్తే ఒప్పుకోదు. చెప్పు పట్టీ సరిచేసుకోవడానికి ఆగుతుంది. చదువు రాకపోయినా గోడ మీది పోస్టరు చదవడానికి ఆగుతుంది. ప్లాస్టిక్ బిందెల కొట్టు ముందు నిలబడి, కొనేదానిలా ఒక్కో బిందె తట్టి చూస్తుంది. కొట్టువాడు ఆశగా లేచి వచ్చేసరికి ఊపిరి కూడదీసుకుని ముందుకు కదులుతుంది.

మూడో బిందె తట్టాక, "ఏమయ్యా మరిదీ, కాస్త తగ్గించి ఊదలేకపోయావా?" అంది.

అతను బిందెల వైపు చూశాడు.

మిల్లుకి ఏటా పరీక్షల వ్యాను వస్తుంది. వ్యానులో కుర్చీకే చోటు చాలదు, అందుకని పరీక్ష చేసే ఆయన లోపలే కూర్చుని పేరు పిలిచి గొట్టాన్ని కిటికీలోంచి బయటికి ఇస్తాడు. ఊది, గొట్టంతో పాటు కార్డు కూడా లోపలికి ఇచ్చేస్తే ముల్లు ఎక్కడ ఆగిందో చూసి కార్డులో వేస్తాడు. మూడు వందలు దాటనివాళ్ల పేర్లు విశ్రాంతి జాబితాలోకి వెళతాయి. మిల్లువాళ్లకి తియ్యటి మాటలు భలే దొరుకుతాయి. పనిలోంచి తీసెయ్యడాన్ని వాళ్లు విశ్రాంతి అంటారు. ఆ విశ్రాంతికి వెళ్లినవాళ్లెవరూ మళ్లీ గేటు లోపలికి రాలేదు. అందుకే కిటికీలోంచి ఎవరి పేరున గొట్టం వచ్చినా, దాన్ని అందుకునేది అతనే. హాజరు పట్టీలో తప్ప అతని సొంత పేరు ఎక్కడా వినిపించదు. మిల్లంతటికీ అతను తిత్తి. కొలిమి తిత్తికి ఉన్నంత గాలి ఉందని ఎవరో సరదాకి అన్నమాట అలాగే అతుక్కుపోయింది. ముల్లుని ఎక్కడ కావాలంటే అక్కడ ఆపగలడు. బక్కవాడికి మూడు వందల పది, కాస్త ఒడ్డూ పొడుగూ ఉన్నవాడికి మూడు వందల యాభై, ఎవరికీ అనుమానం రాకుండా.

"మూడు వందలు దాటితే చాలు కదా," అంది వదిన.

"చాలు. కానీ నీకు తక్కువెందుకని..."

అంతమందికీ కొలిచి కొలిచి ఊదిన మనిషి, వదిన పేరు వినేసరికి మనసారా ఊదేశాడు. అన్న పోయాక కూడా వండినదాంట్లో మొదటి ముద్ద మరిదికి తీసిపెట్టిన మనిషి ఆమె. ఆమె పేరున ముల్లు మూడు వందల పది దగ్గర ఆగడం అతనికి చిన్నతనమనిపించింది. ప్రతి ఏడూ అలాగే అనిపించింది.

వదిన నవ్వబోయింది. నవ్వు సగంలోనే దగ్గయింది. నోరు తుడుచుకుని, "అబద్ధమాడేటప్పుడు కాస్త పిసినారితనం ఉండాలయ్యా," అంది. అని, పోస్టరు చదవడానికి ఆగింది.

మర్నాడు తిత్తి మామూలుగానే పనిలోకి వెళ్లాడు. మిల్లు వెనక రేకుల గది ఒకటి ఉంటుంది. గ్రైండింగు యంత్రాల్లోంచి లేచే దుమ్ముని పెద్ద ఫ్యాను లాగి, ఆ గదిలో వేలాడదీసిన పొడవాటి గుడ్డసంచుల్లోకి తోస్తుంది. సాయంత్రానికి సంచులు బిగిసిపోతాయి. అప్పుడు ఫ్యాను ఆపి, ఒక మనిషి లోపలికి దూరి, కర్రతో ఒక్కో సంచినీ బాది దులపాలి. ఆ మనిషి తిత్తి. ముక్కుకి తడిగుడ్డ కట్టుకుంటాడు. పది సంచులు దులిపేసరికి గుడ్డ మీద పొడి గట్టిపడి అట్టలా అవుతుంది. దాన్ని విదిలించి, మళ్లీ తడిపి, మళ్లీ కట్టుకుంటాడు. అంత ఊపిరి ఉన్నవాణ్ని పొడి ఏం చేస్తుందని మేస్త్రీ ఈ పని అప్పగించాడు. తిత్తి కూడా అదే నమ్మాడు.

ఆ రోజు పదిహేనో సంచి దగ్గర చెయ్యి ఆగింది. కర్ర నేలకి ఆనించి నిలబడ్డాడు. నిన్నటి ఎండలో తిరిగిన అలసట అనుకున్నాడు. ఇరవయ్యో సంచి దగ్గర మళ్లీ ఆగాడు. ఈసారి ఏమీ అనుకోలేదు.

బయటికొచ్చేసరికి లోడు కోసం లారీ వెనక్కి వస్తోంది. లారీకి దారి చూపించడం కూడా అతని వంతే. యంత్రాలన్నీ తిరుగుతున్నా అతని ఈల డ్రైవరు చెవిని పడుతుంది. మిల్లులో దానికి పేరు. రెండు వేళ్లు నోట్లో పెట్టి ఊదాడు. లారీ ఆగలేదు. మళ్లీ ఊదాడు. వెనక చక్రం వచ్చి బస్తాల వరసకి తగిలి, కింది బస్తా చిట్లి, తెల్లటి పొడి కుప్పగా జారింది.

"ఈల వెయ్యొద్దా?" డ్రైవరు తలుపు తీసి అరిచాడు.

"వేశాను."

"నాకు వినబడలేదు."

"ఇంజను చప్పుడు మార్పించుకో," అన్నాడు తిత్తి. చుట్టూ నలుగురూ నవ్వారు. అతనూ నవ్వాడు. నవ్వుతూనే చిట్లిన బస్తాని పక్కకి ఈడ్చాడు.

బస్తాల మూతులు కుట్టే ఆమెని అందరూ సూదక్క అంటారు. జానెడు సూదితో రోజుకి మూడొందల బస్తాలు కుడుతుంది. ఆమె సూది నోట్లో పట్టుకునే, "శనివారం వ్యాను వస్తోందట, మేస్త్రీ చెప్పాడు," అంది. "ఏడాదిన్నరయింది, ఇంక రాదేమో అనుకున్నాం. ఒంట్లో బాగుందా తిత్తీ? కాస్త తిను, పడుకో. మా అందరి ఊపిరీ నీ దగ్గరే ఉంది మరి."

పరిహాసానికే అంది. అతనికి మాత్రం ఆ మాట సాయంత్రందాకా చెవిలోనే ఉండిపోయింది.

ఇంట్లో భార్య గుమ్మంలో కూర్చుని కాగితం కవర్లు అంటిస్తోంది. పక్కగదిలో వదిన దగ్గు గోడకి ఇవతలికి వినిపిస్తోంది. ఆ దగ్గుకి ఒక వరస ఉంది. మూడు చిన్నవి, ఒక పెద్దది, తర్వాత ఏమీ ఉండదు. ఆ ఏమీ లేనప్పుడు భార్య చెయ్యి ఆగుతుంది. మళ్లీ దగ్గు మొదలయ్యాక కదులుతుంది.

"రేపు పని మానేసి డాక్టరమ్మ దగ్గరికి వెళ్తాను," అన్నాడు తిత్తి. "ఊదింది నేనేనని చెప్పేస్తాను."

భార్య కవరు అంచుకి జిగురు రాసి, మడిచి, అరచేత్తో అదిమింది. "చెబితే?"

"వదిన కార్డు కొట్టేస్తారు. మిషన్ ఇస్తారు."

"ఆమెదొక్కటే కొట్టేస్తారా? ఇంకెంతమందికి ఊదావని అడగరా? ఇరవై రెండు కొంపలు. సూదక్క మొగుడు మంచం మీద ఉన్నాడు. వాళ్ల నోట్లో మట్టి కొట్టి ఏ మొహం పెట్టుకుని ఈ వీధిలో నడుస్తావు?"

గోడ అవతల మూడు చిన్న దగ్గులు వినిపించాయి. తర్వాత పెద్దది. ఆ తర్వాత ఏమీ లేదు.

భార్య చెయ్యి ఆగింది. చాలాసేపు ఆగింది. తిత్తి లేచి గుమ్మం దాటేలోపు దగ్గు మళ్లీ వినిపించింది. భార్య ఇంకో కాగితం తీసుకుంది. "వెళ్లు," అంది కాసేపటికి. "వెళ్లి చెప్పు. నేనింక ఇది వినలేను."

గురువారం డాక్టరమ్మ గదిలో అతను స్టూలు మీద కూర్చోలేదు. అది రోగులు కూర్చునేది.

"మేడం, మా వదిన కార్డులో అంకెలు మా వదినవి కావండి. నావి."

డాక్టరమ్మ కలం ఆపింది. అతను మొత్తం చెప్పాడు. కిటికీ, గొట్టం, మూడు వందలు, విశ్రాంతి జాబితా, శనివారం రాబోయే వ్యాను. ఆమె ఆశ్చర్యపోలేదు, కోప్పడలేదు. ఇలాంటివి రోజూ వినే మనిషిలా విని, "ఎంతమందికి?" అంది.

"ఇరవై రెండు మందికండి. ఎంత కావాలంటే అంత ఊదుతాను." అంత గడ్డు సమయంలోనూ ఆ మాటలో చిన్న గర్వం తొంగిచూసింది. అలవాటు అలాంటిది.

"సరే. ఉత్త మాట మీద కార్డు కొట్టేస్తే పైవాళ్లు నన్నడుగుతారు. చూపించు." ఆమె గొట్టం అతని చేతిలో పెట్టింది. "నాలుగు వందల యాభై ఊదు. నీ వేలిముద్ర వేయించి, ఆ పక్కన అంకె వేసి, మీ వదిన కార్డు ఈ క్షణమే కొట్టేస్తాను."

తిత్తికి నవ్వొచ్చింది. ఇంత తేలిగ్గా తేలే పనికి రెండు రోజులు తిండి సయించలేదు కదా అనుకున్నాడు. మూలనున్న మిషన్ వైపు చూశాడు. దాన్ని ఆటోలో ముందు పెట్టాలా, వెనక పెట్టాలా అని కూడా ఆలోచించాడు. కాళ్లు ఎడంగా పెట్టి, గుండెల నిండా పీల్చి, పెదాలు బిగించి ఊదాడు.

ముల్లు రెండు వందల తొంభై దగ్గర ఆగింది.

"ఈ గొట్టం సరిగ్గా లేదండి."

డాక్టరమ్మ సొరుగులోంచి ఇంకోటి తీసి ఇచ్చింది. రెండు వందల ఎనభై. మూడోసారి కళ్లు గట్టిగా మూసుకుని, మెడ నరాలు ఉబ్బేదాకా ఊదాడు. రెండు వందల అరవై. గొట్టం చేతిలో ఉండగానే దగ్గు వచ్చింది. అది ఎవరి దగ్గో ఒక్క క్షణం అతనికి తెలియలేదు. పక్కగదిలో కదా వినిపించాలి.

డాక్టరమ్మ గొట్టం వెనక్కి తీసుకుంది. "మీ వదిన మీద అభిమానంతో వచ్చావు. మంచివాడివే. కానీ ఏడాదిన్నర కిందట నాలుగు వందల యాభై ఊదినవాడు ఇవాళ ఇంత పడిపోడయ్యా. ఆ అంకెలు నీవి కావు."

"మా వదినకీ ఇదే మాట చెప్పారండి," అన్నాడు తిత్తి.

ఎదురు చెప్పాలని అన్నది కాదు. గుర్తొచ్చి అన్నాడు. డాక్టరమ్మ కార్డు మీంచి చూపు ఎత్తి, మొదటిసారి అతన్ని చూసింది. అరవైమందిలో ఒకడిలా కాకుండా చూసింది.

"చొక్కా తియ్యి. ఆ స్టూలు మీద కూర్చో."

వీపు మీద స్టెతస్కోపు చల్లగా ఆనింది. పీల్చమంది, వదలమంది. వేళ్లతో అక్కడక్కడా తట్టింది. వదిన బిందెలు తట్టినట్టే.

"ఏం పని చేస్తావు?"

"దుమ్ము సంచులు దులుపుతానండి."

"గదిలోపల నిలబడా?"

"అవునండి. బయటినుంచి అందవు."

"దగ్గు ఎన్నాళ్లుగా ఉంది?"

"నాకు దగ్గు లేదండి."

"ఇప్పుడు దగ్గింది ఎవరు?"

అతను చొక్కా బొత్తాలు పెట్టుకున్నాడు. ఒక బొత్తాం తప్పి పై కన్నంలో పడింది. తీసి మళ్లీ పెట్టుకున్నాడు. భయం వేస్తుందేమోనని లోపల వెతుక్కున్నాడు. ఏమీ దొరకలేదు. ఒకే ఒక్క సంగతి మాత్రం పదేపదే తట్టింది: వదినకి ఇవ్వడానికి తన దగ్గర ఇంక ఏమీ లేదు. నిజం చెప్పినా అతుక్కోవడం లేదు.

డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. "నాకిప్పుడు నమ్మకం కుదురుతోంది. కానీ నా నమ్మకానికి మిషన్ ఇవ్వరు. ఒక్కడు వచ్చి చెబితే అబద్ధమంటారు. శనివారం వ్యాను వస్తుందన్నావు కదా? మిల్లు మొత్తం ఎవరి ఊపిరి వాళ్లు ఊది, ఇరవై మూడు కార్డులూ ఒకేరోజు కింద పడ్డాయనుకో. అప్పుడు పైవాళ్లే అడుగుతారు, పాత అంకెలు ఎవరివని. ఆ కాగితం నా చేతికొస్తే మీ వదినది నేను రాయగలను."

"వాళ్ల పని పోతుందండి."

"పోతుంది," అంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చి వదిన మంచం అంచున కూర్చుని చెప్పాడు. ఆమె పడుకోలేదు, పడుకుంటే ఊపిరాడదు. గోడకి దిండు ఆనించుకుని రాత్రీ పగలూ కూర్చునే ఉంటుంది. అంతా విని, అతని ముఖంలోకి చూసి, "ఎంత వచ్చింది?" అంది.

"రెండు వందల తొంభై."

"నాకంటే నయమే." కాసేపు ఊపిరి తీసుకుంది. "ముందు నీకే ఇస్తారేమో మిషన్. అప్పుడు గోడకి కన్నం పెట్టి ఆ గొట్టం ఇటు కూడా తిప్పు."

తిత్తి నవ్వలేదు. వదిన చెయ్యి చాపి అతని చొక్కా భుజం మీద మిగిలిన తెల్లపొడిని దులిపింది. అది పోలేదు. ఉతికినా పోదు. ఆమె అలా దులుపుతూనే, "వాళ్లకేం చెప్పకు," అంది. "సూదక్క సంసారం నాకు తెలుసు. నాకోసం ఒకళ్ల కూడు తీసెయ్యొద్దు. ఇంకెన్నాళ్లులే."

చివరి మాట ఆమె ఎప్పుడూ అనేదే. ఆ రోజు మాత్రం అతను లేచి బయటికొచ్చి, వీధి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఏడుపు వస్తుందనుకున్నాడు. రాలేదు. చాలాసేపు నిలబడ్డాక కాళ్లు నొప్పులు పుట్టాయి, లోపలికి వెళ్లాడు.

శుక్రవారం టీ వేళ చెబుదామని నోరు తెరిచాడు. ఒక్కొక్కరూ వచ్చి తమ కార్డు అతని జేబులో పెడుతున్నారు. ఏటా అంతే. ముందురోజే కార్డులన్నీ అతని దగ్గరికి చేరతాయి, అతను వరసలో సర్దుకుంటాడు. ఒకడు రెండు బిస్కెట్లు ఇచ్చాడు. ఒకామె అతని గ్లాసులో తన టీ సగం పోసింది. తిత్తి బిస్కెట్లు తిన్నాడు, టీ తాగాడు. కార్డులకి రబ్బరు బ్యాండు వేశాడు.

శనివారం పొద్దున్నే వ్యాను వచ్చి గేటు పక్క నీడలో ఆగింది. వదిన కూడా వచ్చింది. మూడు నెలలుగా సెలవులో ఉన్నా పేరు ఇంకా పట్టీలో ఉంది. అంత మంచి కార్డు ఉన్నదాన్ని మిల్లువాళ్లెందుకు తీసేస్తారు? తిత్తి భార్య ఆమెని రిక్షాలో తీసుకొచ్చి, బోర్లించిన తొట్టి మీద కూర్చోబెట్టింది. మేస్త్రీ వచ్చి అందరినీ వరసలో నిలబడమని, ఫోనొస్తే మాట్లాడుతూ లోపలికి వెళ్లిపోయాడు. అదీ ఏటా అంతే.

కిటికీ తెరుచుకుంది. మొదటి పేరు తిత్తిదే. సొంతపేరు వినేసరికి ఎవర్ని పిలిచారో అతనికి వెంటనే తట్టలేదు. గొట్టం బయటికి వచ్చింది. వెనక నిలబడ్డవాళ్లు కబుర్లలో ఉన్నారు. అతని వంతు ఎవరూ పట్టించుకోరు. కాళ్లు ఎడంగా పెట్టి ఊదాడు. మూడుసార్లూ ఊదాడు. గొట్టం, తన కార్డు లోపలికి ఇచ్చాడు.

తర్వాత, ఇన్నేళ్లలో ఎన్నడూ లేనిది, పరీక్షలాయన కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. బట్టతల, చెవి వెనక కలం.

"తిత్తీ," అన్నాడు మెల్లగా. "ఇది ఎవరిది?"

ఆ పేరు ఈయనకి ఎలా తెలుసు? తెలియకుండా ఎలా ఉంటుంది? కిటికీ అవతల మనిషికి చెవులుంటాయి కదా. ఇన్నేళ్లూ ఒక్క ఊపిరినే ఇరవై మూడుసార్లు విన్నాడు, ఇరవై మూడు పేర్ల మీద వేశాడు.

"నాదేనండి."

"రెండు వందల ఎనభై."

"అవునండి."

పరీక్షలాయన అటూ ఇటూ చూశాడు. గొంతు ఇంకా తగ్గించాడు. "పోయినసారి అంకే వేసేస్తాలే. ఐదు వందల నలభై. ఆ మాత్రం సాయం చెయ్యలేనా? పని పోగొట్టుకుని ఏం చేస్తావు?"

మంచి మనిషి. ఆయన ముఖంలో మంచితనం తప్ప ఇంకేమీ లేదు. తిత్తికి ఆ ముఖం బాగా తెలుసు. వదిన పేరున గొట్టం అందుకున్నప్పుడు తన ముఖం కూడా అలాగే ఉండి ఉంటుంది. ఐదు వందల నలభై. రేపెప్పుడో అదే స్టూలు మీద కూర్చుంటే డాక్టరమ్మ వేలు ఆ గడి మీద ఆగుతుంది.

"ఉన్నది వెయ్యండి," అన్నాడు.

"ఆలోచించుకో."

"ఉన్నదే వెయ్యండి."

చెవి వెనక కలం కిందికి దిగింది. కిటికీలో తల వెనక్కి వెళ్లింది. రెండో పేరు సూదక్కది. గొట్టం బయటికి వచ్చింది. అలవాటుగా తిత్తి చెయ్యి దాన్ని అందుకుంది. సూదక్క ఆ పక్కనే నిలబడి చీర కుచ్చిళ్లకి అంటుకున్న దారం ముక్కలు ఏరుకుంటోంది.

"అక్కా," అన్నాడు. "నేను ఊదినా నీకు మూడొందలు రావు. నా దగ్గర లేవు."

ఆమె తల ఎత్తింది. పరిహాసం అనుకుని నవ్వబోయి, అతని ముఖం చూసి ఆగింది. వెనక కబుర్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అందరికీ వినపడేంత గట్టిగా చెప్పడానికి అతనికి రెండుసార్లు గాలి పీల్చాల్సి వచ్చింది. నా ఊపిరి పోయింది అన్నాడు. ఎవరిది వాళ్లు ఊదితే వదినకి మిషన్ వస్తుందట అన్నాడు. ఊదినవాళ్ల పని పోవచ్చు అని కూడా అన్నాడు. అడగలేదు, బతిమాలలేదు. ఉన్న సంగతి చెప్పాడంతే. తొట్టి మీద వదిన అతన్ని ఆపాలని చెయ్యి ఎత్తింది. మాట రాలేదు.

ఎవరూ కదల్లేదు. లోపల గ్రైండర్లు తిరుగుతూనే ఉన్నాయి. పరీక్షలాయన రెండోసారి సూదక్క పేరు పిలిచాడు.

సూదక్క గొట్టాన్ని చూసింది. పదకొండేళ్లుగా ఆమెకి కార్డు ఉంది. గొట్టం ముట్టుకోవడం ఇదే మొదలు. అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"ఎటు పెట్టుకోవాలి?" అంది.

తిత్తి చూపించాడు. ముల్లుని వెనక్కి జరిపి, కొనని తన తువాలుతో తుడిచి ఆమె చేతిలో పెట్టాడు.

"ఎంత ఊదమంటావు?"

"నీ దగ్గర ఎంతుంటే అంత."

ఆమె కళ్లు మూసుకుని ఊదింది. దగ్గి, మళ్లీ ఊదింది. ముల్లు ఎక్కడ ఆగిందో చూడకుండానే కిటికీలోకి ఇచ్చేసింది. తిత్తి జేబులోంచి కట్ట తీసి, రబ్బరు బ్యాండు విప్పి, ముందు ఆమె కార్డు కిటికీలోకి ఇచ్చాడు. ఒక్కొక్కరూ వచ్చి తమ కార్డు ఏరుకుని తీసుకున్నారు. నలుగురైదుగురు తీసుకుని, వ్యాను వైపు చూడకుండా, మేస్త్రీ వెళ్లిన దారినే వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు వరసలో నిలబడ్డారు.

చివరికి అతని చేతిలో ఒక్క కార్డు మిగిలింది. వదిన కూర్చున్నచోటి నుంచే చెయ్యి చాపింది.